వర్ణపటాల డేటాను ఓపెన్ ఫార్మాట్లలో దాచడం, పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పరికరాల గదికి శాంపిల్ పట్టుకొచ్చే విద్యార్థులు ఏటా మారుతుంటారు. వాళ్ల వెంట వచ్చే సందేహాలు మాత్రం మారవు. పరారుణ, రామన్ (శాంపిల్‌పై చెదరిన లేజర్ కాంతిని చూసేది), ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చూసేది), మాస్ (అణువుల ద్రవ్యరాశిని చూసేది) స్పెక్ట్రోస్కోపీ కొలతల డేటాను ఏ రూపంలో దాచుకోవాలి, ఇతరులకు ఏ రూపంలో ఇవ్వాలి అన్న విషయంలో పదేపదే ఎదురైన ప్రశ్నలను, అడిగినవారి మాటల్లోనే, పని సాగే వరుసలో ఇక్కడ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కనుక ఒకటి రెండు సంగతులు మళ్లీ మళ్లీ కనిపించవచ్చు, విసుక్కోవద్దని మనవి.

## కొలతకు ముందు

ఓపెన్ ఫార్మాట్ అంటే ఏమిటి? ఉచితంగా తెరుచుకునేదల్లా ఓపెనేనా?

కాదు. ఒక ఫార్మాట్‌ను ఓపెన్ అనాలంటే దాని నిర్మాణ వివరణ అందరికీ అందుబాటులో ఉండాలి, దాన్ని చదివే ప్రోగ్రామ్‌ను ఎవరి అనుమతీ అడగకుండా ఎవరైనా రాసుకోగలగాలి, దాన్ని మార్చే అధికారం ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉండకూడదు. పరికరం కొన్నవారికి ఇచ్చే ఉచిత వ్యూయర్‌లో తెరుచుకున్నంత మాత్రాన ఫైల్ ఓపెన్ అయిపోదు. గెలాక్టిక్ ఇండస్ట్రీస్ రూపొందించిన ఎస్‌పీసీ ఫార్మాట్ ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది: దాని నిర్మాణం ప్రచురితమైంది కాబట్టి చాలా ప్రోగ్రాములు దాన్ని చదువుతాయి, అయినా అది కంపెనీ సొత్తే. వర్ణపటాలను సాదా టెక్స్ట్‌గా రాసే జేక్యాంప్-డీఎక్స్ సంగతి వేరు. 1988లో రాబర్ట్ మెక్‌డొనాల్డ్, పాల్ విల్క్స్ దీన్ని పరారుణ వర్ణపటాల కోసం ప్రచురించగా, 1995 నుంచి దాని బాగోగులు అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య అయిన ఐయూపీఏసీ చూస్తోంది.

పరికరం ఇచ్చే సొంత ఫైల్ ఉండగా ఇంకో కాపీ ఎందుకు?

పరికరం బతికున్నంత కాలం అక్కర ఉండదు, చిక్కంతా ఆ తర్వాతే. మా గదిలో ఒక పాత ఎఫ్‌టీఐఆర్‌కు (పరారుణ వర్ణపటాలు తీసే పరికరం) జతగా ఉన్న కంప్యూటర్ ఒక వేసవిలో కాలిపోయింది. డేటా ఉన్న హార్డ్ డిస్క్ బాగానే ఉంది, ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి, కానీ వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌కే కట్టుబడిన లైసెన్సుతో నడిచేది. కొత్త లైసెన్సు అడిగితే ఆ వెర్షన్‌ను అమ్మడం ఎప్పుడో ఆపేశామన్న జవాబు వచ్చింది. కొలిచిన రోజునే జేక్యాంప్ కాపీ తీసుకున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులు తప్ప మిగిలినవారంతా శాంపిళ్లను మళ్లీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. అందుకని నా నియమం ఇది: సొంత ఫైల్‌ను పారేయకూడదు, ఓపెన్ కాపీని వాయిదా వేయకూడదు. సొంత ఫైల్‌లో పరికరానికి మాత్రమే తెలిసిన సూక్ష్మ వివరాలు ఉంటాయి, ఓపెన్ కాపీ పరికరం లేకుండానే తెరుచుకుంటుంది, కాబట్టి ఒకటి ఉంది కదా అని రెండోది మానడానికి లేదు.

ఏ కొలతకు ఏ ఫార్మాట్ ఎంచుకోవాలి?

పరారుణ, అతినీలలోహిత-దృశ్య, రామన్ కొలతలకు జేక్యాంప్-డీఎక్స్ సరిపోతుంది. ద్రవ్యరాశి వర్ణపటాలకు, ముఖ్యంగా మిశ్రమాన్ని విడగొట్టే క్రొమటోగ్రఫీతో జోడించిన వాటికి, ఎంజెడ్‌ఎంఎల్ తప్ప వేరే ఆలోచన వద్దు. కణజాలపు ముక్కపై చుక్క చుక్కకూ తీసే మాస్ ఇమేజింగ్‌కు దాని సోదర ఫార్మాట్ ఐఎంజెడ్‌ఎంఎల్ ఉంది. ఎన్‌ఎంఆర్‌కు జేక్యాంప్ గానీ ఎన్‌ఎంఆర్‌ఎంఎల్ గానీ వాడవచ్చు. ఎక్స్-కిరణాలతో చేసే ఎక్స్‌పీఎస్ వంటి ఉపరితల విశ్లేషణలకు వామస్ ఫార్మాట్ ఐఎస్‌ఓ 14976 ప్రమాణంగా స్థిరపడింది. సింక్రోట్రాన్, న్యూట్రాన్ కేంద్రాలకు వెళ్లేవారికి పెద్ద డేటాకు వాడే హెచ్‌డీఎఫ్5 అనే ఫార్మాట్ పునాదిపై నిర్మించిన నెక్సస్ ఎదురవుతుంది. అన్నిటికీ ఒకే ఫార్మాట్ కావాలని ఎదురుచూస్తూ కూర్చుంటే డేటా పాతబడుతుంది, ఫార్మాట్ రాదు.

## పరికరం దగ్గర

ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలు పెట్టుకుంటే చాలదా?

ఆ రోజు సాయంత్రం గ్రాఫ్ గీసుకోవడానికి చాలు, దాచుకోవడానికి చాలదు. రెండు వరుసల అంకెల్లో మొదటిది తరంగసంఖ్యా (సెంటీమీటరులో ఎన్ని తరంగాలు), తరంగదైర్ఘ్యమా, రెండోది అబ్జార్బెన్సా (శాంపిల్ పీల్చుకున్న కాంతి కొలత), ట్రాన్స్‌మిటెన్సా (దాన్ని దాటి వచ్చిన కాంతి వంతు) అన్నది ఎక్కడా ఉండదు. మీకు గుర్తుంటుందనుకుంటారు, ఆరు నెలలకు మీకే గుర్తుండదు. పైగా ఎక్సెల్ తనంతట తానే దిద్దుబాట్లు చేస్తుంది. ‘3-4’ అని శాంపిల్ సంఖ్య రాస్తే దాన్ని తేదీగా మార్చేస్తుంది, సంఖ్యల మధ్య ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ఉంటే ఘాతాంకం అనుకుని రెండు లక్షలో మూడు లక్షలో చేసి చూపిస్తుంది. ఒక షీట్‌లో 10,48,576 వరుసలకు మించి పట్టవు కనుక పెద్ద క్రొమటోగ్రఫీ ఫైళ్ల తోక తెగిపోతుంది. వేరే దారి లేక సీఎస్‌వీ వాడాల్సి వస్తే, పక్కనే అదే పేరుతో ఒక సాదా టెక్స్ట్ ఫైల్ పెట్టి ప్రమాణాలు, పరిస్థితులు, తేదీ అందులో రాయండి.

జేక్యాంప్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయి. ఫైల్ పాడైందా?

చాలాసార్లు పాడవదు, కుదించి ఉంటుంది. ఫైల్ పై భాగం మామూలు మాటల్లోనే ఉంటుంది. ప్రతి వివరమూ రెండు హ్యాష్ గుర్తులతో మొదలై, పేరు, సమాన గుర్తు, విలువ అనే వరుసలో సాగుతుంది: ‘##టైటిల్=’, ‘##ఎక్స్‌యూనిట్స్=’, ‘##ఫస్ట్‌ఎక్స్=’, ‘##ఎన్‌పాయింట్స్=’ ఇలా. అసలు ఫైల్‌లో ఇవన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటాయి. 4000 నుంచి 400 సెం.మీ.⁻¹ వరకు రెండేసి ప్రమాణాల దూరంలో కొలిచిన వర్ణపటమైతే ఎన్‌పాయింట్స్ ఎదుట 1801 ఉండాలి. వేళ్ల మీద లెక్కపెట్టదగిన ఈ పరీక్షే సగం తప్పులను పట్టిస్తుంది.

అక్షరాల గందరగోళం దాని కింద, కొలత విలువల దగ్గర మొదలవుతుంది. జేక్యాంప్ పుట్టిన రోజుల్లో డిస్కులు చిన్నవి, ఫోన్ లైన్లు నెమ్మదివి, అందుచేత విలువలను పూర్తిగా రాయకుండా పక్క విలువతో తేడాను మాత్రమే, అదీ అంకెకు బదులు అక్షరంతో, రాసే పద్ధతి పెట్టారు. ఉదాహరణకు 100, 102, 105 అనే మూడు విలువలను తీసుకోండి. మొదటి సంఖ్యలోని 1 స్థానంలో ‘ఏ’ అక్షరం వస్తుంది కనుక అది ‘ఏ00’ అవుతుంది. తర్వాతి తేడా 2కు ‘కే’, ఆ తర్వాతి తేడా 3కు ‘ఎల్’ గుర్తులు. మధ్యలో ఖాళీ కూడా లేకుండా మూడు విలువలూ ‘ఏ00కేఎల్’ అనే ఐదు అక్షరాల్లో ఇమిడిపోయాయి. తేడా రుణాత్మకమైతే అదే వరుసలోని చిన్నక్షరాలు వస్తాయి. ముద్దుగా ఉంటుంది గానీ, ఇవాళ ఈ పొదుపు అవసరం లేదు. ఎగుమతి చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అడిగితే కుదింపు లేని మామూలు అంకెల రూపాన్నే ఎంచుకోండి, కంటితో చదివి తప్పు పట్టుకోవచ్చు.

శాంపిల్ వివరాలు ఎంతవరకు రాయాలి? ‘పసుపు 3’ అని రాస్తే సరిపోదా?

సరిపోదు. నిజామాబాద్ మార్కెట్ నుంచి తెచ్చిన పసుపు పొడిలో మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగు కలిపారేమో చూడాలనుకున్నారని అనుకుందాం. అదే పొడిని పొటాషియం బ్రోమైడ్ బిళ్లగా నొక్కి కొలిస్తే ఒక వర్ణపటం, వజ్రపు స్ఫటికంపై ఆనించి, స్ఫటికం లోపల ప్రతిఫలించే కిరణంతో చూసే ఏటీఆర్ పద్ధతిలో కొలిస్తే ఇంకో వర్ణపటం వస్తాయి. పీక్‌లు (గ్రాఫ్‌లోని శిఖరాలు) దాదాపు అవే చోట్ల ఉన్నా వాటి ఎత్తుల నిష్పత్తి మారుతుంది. ఏటీఆర్‌లో కిరణం శాంపిల్‌లోకి దిగే లోతు తరంగదైర్ఘ్యంతో పాటు పెరుగుతుంది కనుక తక్కువ తరంగసంఖ్యల వైపు పీక్‌లు బలంగా కనిపిస్తాయి. ఈ సంగతి ఫైల్‌లో లేకపోతే రెండు వర్ణపటాలనూ పక్కపక్కన పెట్టిన మూడో మనిషి ఆ ఎత్తుల తేడానే కల్తీగా పొరబడతాడు. కాబట్టి శాంపిల్ ఎక్కడిది, ఎలా ఎండబెట్టారు, ఏ పద్ధతిలో కొలిచారు, రిజల్యూషన్ ఎంత, ఎన్ని స్కాన్‌లు, బ్యాక్‌గ్రౌండ్ ఎప్పుడు తీశారు, ఏటీఆర్ సవరణ చేశారా లేదా, కొలిచిన తేదీ ఏది అన్నవి తప్పక రాయాలి. జేక్యాంప్‌లో ఇందుకు చాలా గళ్లు సిద్ధంగానే ఉన్నాయి. లేనివాటికి రెండు హ్యాష్‌ల తర్వాత డాలర్ గుర్తు పెట్టి మీ సొంత గడి చేర్చుకోవచ్చు.

శాంపిల్ పేరు తెలుగులో రాయవచ్చా?

జేక్యాంప్‌లో రాయకండి. అది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు మాత్రమే ఉండే ఆస్కీ కాలపు ఫార్మాట్. తెలుగు అక్షరాలే కాదు, డిగ్రీ గుర్తు, మైక్రో గుర్తు పెట్టినా కొన్ని ప్రోగ్రాములు ఫైల్‌ను తిప్పికొడతాయి. ఎంజెడ్‌ఎంఎల్ వంటి ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే టెక్స్ట్) ఫార్మాట్లలో అన్ని లిపులకూ చోటున్న యూటీఎఫ్-8 వాడితే తెలుగు నిక్షేపంగా నిలుస్తుంది. ఊరి పేరు, రైతు చెప్పిన రకం పేరు వంటివి తెలుగులోనే భద్రపరచాలనుకుంటే వాటిని పక్కనుండే వివరణ ఫైల్‌లో రాసి, రెండింటినీ శాంపిల్ సంఖ్యతో కలపడం మేలు.

రామన్‌లో ఎలాగూ షిఫ్ట్ మాత్రమే చూస్తాం కదా, లేజర్ వివరం ఎందుకు?

ఆ షిఫ్ట్ లేజర్ తరంగసంఖ్య నుంచి చెదరిన కాంతి తరంగసంఖ్యను తీసివేస్తేనే వస్తుంది కాబట్టి. సాఫ్ట్‌వేర్‌లో 785 నానోమీటర్లని ఉంది, లేజర్ మాత్రం 784.5 దగ్గర వెలుగుతోంది అనుకోండి. మొదటిది 12738.85, రెండోది 12746.97 సెం.మీ.⁻¹. అర నానోమీటరు పొరపాటుకు ప్రతి పీకూ ఎనిమిది సెం.మీ.⁻¹ పైచిలుకు పక్కకు జరుగుతుంది. లేజర్ విలువ, సిలికాన్ పలకపై ఆ రోజు తీసిన కొలత రెండూ ఫైల్‌లో ఉంటే, సిలికాన్ పీక్ 520.5 దగ్గర లేదని చూసినవారు మొత్తం అక్షాన్ని ఎన్నేళ్ల తర్వాతైనా సరిదిద్దుకోగలరు. అవి లేకపోతే శాంపిలే వేరేదనుకుంటారు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. కాంతిని పట్టే సీసీడీ డిటెక్టర్ పిక్సెళ్ల మధ్య దూరం తరంగసంఖ్యల్లో సమానంగా ఉండదు. జేక్యాంప్‌లోని ‘ఎక్స్‌వైడేటా’ పట్టిక సమాన దూరాలకే తగినది. అసమాన దూరాలకు ‘ఎక్స్‌వైపాయింట్స్’ ఉంది. తప్పు పట్టిక ఎంచుకుంటే రెండు కొసలూ సరిగ్గా ఉండి నడుమ పీక్‌లు మాత్రం జరిగిపోతాయి, చూపుకు దొరకని తప్పు ఇది.

## మార్చేటప్పుడు

మార్చిన ఫైల్‌లో అబ్జార్బెన్స్ విలువలు కోట్లలో వస్తున్నాయి. ఎందుకు?

చదివే ప్రోగ్రామ్ ‘వైఫ్యాక్టర్’ను పట్టించుకోలేదు. జేక్యాంప్ దశాంశాలను తప్పించి పూర్ణాంకాలుగా దాచడానికి ఒక గుణకాన్ని పైన రాస్తుంది. గుణకం 0.000000001, పట్టికలోని సంఖ్య 482000000 అయితే అసలు విలువ 0.482. చేతితో ఒక విలువను గుణించి, ‘ఫస్ట్‌వై’ దగ్గర రాసిన సంఖ్యతో సరిపోతుందో లేదో చూడండి.

ఎన్‌పాయింట్స్ 1801 అంటోంది, నా ప్రోగ్రామ్ మాత్రం 1860 పాయింట్లు ఇస్తోంది. ఏది నిజం?

1801 నిజం. తేడాలను రాసే కుదింపు రూపంలో ఒక వరుస చివరి విలువను తర్వాతి వరుస మొదట్లో మళ్లీ రాస్తారు; మధ్యలో ఒక అక్షరం చెడితే అక్కడికక్కడే బయటపడాలన్నది ఉద్దేశం. దాన్ని సరిచూసుకుని వదిలేయాలి. సొంతంగా పైథాన్‌లో రాసుకున్న తొలి ప్రోగ్రాములు దాన్ని కూడా కొలతగా లెక్కేస్తాయి. మీ ఫైల్‌లో అరవై వరుసలుంటే, అదనంగా వచ్చిన 59 పాయింట్లూ అవే.

ఎన్‌ఎంఆర్‌లో చివరి వర్ణపటం చాలదా, ఎఫ్‌ఐడీ కూడా ఉంచాలా?

ఎఫ్‌ఐడీ, అంటే కాలంతో పాటు సన్నగిల్లే ముడి సంకేతం, అదే అసలు కొలత. వర్ణపటం దాని నుంచి మీరు వండిన వంట. ఫేజ్, బేస్‌లైన్, విండో ఫంక్షన్ అన్నీ మీ ఎంపికలు, ఇంకొకరు వేరేగా ఎంచుకోవచ్చు. బ్రూకర్ కంపెనీ పరికరమైతే ప్రయోగపు ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేయండి, ఒక్క ఎఫ్‌ఐడీ ఫైల్‌ను విడిగా లాగి పంపవద్దు. ఆ ఫైల్‌లో ఉత్త సంఖ్యలే ఉంటాయి. అవి ఏ బైట్ క్రమంలో ఉన్నాయి, డిజిటల్ ఫిల్టర్ వల్ల మొదట్లో ఎన్ని పాయింట్ల ఆలస్యం ఉంది అన్నది పక్కనున్న పారామితుల ఫైల్‌లో ఉంటుంది. ఆ ఆలస్యం తెలియకుండా ఫోరియర్ పరివర్తన (సంకేతాన్ని వర్ణపటంగా మార్చే లెక్క) చేస్తే వర్ణపటం మెలికలు తిరిగి కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే ఆ పారామితుల ఫైల్ కూడా జేక్యాంప్ వరసలోనే, హ్యాష్ డాలర్ గుర్తులతోనే రాసి ఉంటుంది. జిప్‌తో పాటు ఓపెన్ రూపంలో ఒక కాపీ, పీక్‌లు ఏ పరమాణువులవో చెప్పే పట్టిక ఉంటే దాన్ని దాచే ఎన్‌ఎంఆర్‌ఈడేటా ఫైల్ జతచేయండి.

ఎంజెడ్‌ఎంఎల్‌కు మారిస్తే సైజు బాగా పెరిగింది. ఏ ఎంపికలు పెట్టాలి?

ఎక్స్‌ఎంఎల్‌లో బైనరీ సంఖ్యలు నేరుగా పట్టవు కనుక వాటిని బేస్64 అక్షరాలుగా రాస్తారు. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంటే మూడో వంతు పెరుగుదల అక్కడే ఉంది. ప్రోటియోవిజార్డ్ సాఫ్ట్‌వేర్‌లోని ఎంఎస్‌కన్వర్ట్ అనే మార్పిడి ప్రోగ్రామ్‌లో జెడ్‌లిబ్ కుదింపు ఆన్ చేయండి, దానిలో ఏ సమాచారమూ పోదు. ద్రవ్యరాశి విలువలకు 64 బిట్లు, తీవ్రతకు 32 బిట్లు సరిపోతాయి. 32 బిట్లలో పెడితే ద్రవ్యరాశి చెడిపోతుందని భయపెట్టేవారున్నారు. లెక్కవేస్తే ద్రవ్యరాశి 785 దగ్గర వచ్చే గరిష్ఠ దోషం 0.00003, అంటే పది లక్షల్లో 0.04 వంతు. భయపడాల్సినంత ఏమీ లేదు, అయినా చోటు ఉన్నప్పుడు 64 పెట్టడమే పద్ధతి.

అసలు జాగ్రత్తపడాల్సింది ప్రొఫైల్, సెంట్రాయిడ్ ఎంపిక దగ్గర. ప్రొఫైల్ అంటే పీక్ ఆకారమంతా, సెంట్రాయిడ్ అంటే ప్రతి పీక్‌కూ ఒక్క గీత. సెంట్రాయిడ్ చేశాక వెనక్కి రాలేరు. సెంట్రాయిడ్ చేసే పీక్ పికింగ్ ఫిల్టర్‌ను జాబితాలో మొట్టమొదట పెడితేనే పరికరపు కంపెనీ ఇచ్చిన గణన పద్ధతి పనిచేస్తుంది. కింద పెడితే ప్రోగ్రామ్ తన సొంత పద్ధతితో చేసేస్తుంది.

మార్పిడి సరిగ్గా జరిగిందని ఎలా నమ్మాలి?

నమ్మవద్దు, తెలిసిన శాంపిల్‌తో చూడండి. ఎఫ్‌టీఐఆర్‌కు పాలిస్టైరీన్ ఫిల్మ్ అందరి దగ్గరా ఉంటుంది. దాన్ని కొలిచి, మార్చి, మార్చిన ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో, వేరే ప్రోగ్రామ్‌లో, ఉదాహరణకు జేస్పెక్‌వ్యూలో తెరవండి. 3026, 1601, 1028, 906 సెం.మీ.⁻¹ దగ్గర పీక్‌లు ఉన్నాయా? అక్షం 4000 నుంచి కిందికి సాగుతోందా, తలకిందులైందా? నిలువు అక్షంలో ట్రాన్స్‌మిటెన్స్ 0 నుంచి 1 వరకా, శాతమా? పది శాతం ట్రాన్స్‌మిటెన్స్ ఉన్నచోట అబ్జార్బెన్స్ 1 రావాలి. రాకపోతే ప్రమాణాల పేరు ఒకటి, విలువలు ఇంకొకటి అయ్యాయని అర్థం. మార్చిన ప్రోగ్రామ్‌లోనే తెరిచి చూసుకోవడం పరీక్ష కాదు, దాని తప్పు దానికి ఒప్పుగానే కనిపిస్తుంది.

## పంచుకునేటప్పుడు

ఫైళ్లను ఎక్కడ పెట్టాలి? గూగుల్ డ్రైవ్ లింక్ ఇస్తే సరిపోదా?

పీహెచ్‌డీ పూర్తయి విశ్వవిద్యాలయపు ఈమెయిల్ మూతపడిన రోజున ఆ లింకు కూడా మూతపడుతుంది. శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన డీఓఐ ఇచ్చే భాండాగారం ఎంచుకోండి. సెర్న్ నడిపే జెనోడోలో ఏ శాస్త్రపు డేటానైనా పెట్టవచ్చు. ఎన్‌ఎంఆర్‌కు ఎన్‌ఎంఆర్‌ఆర్కైవ్, ప్రోటీన్ల మాస్ డేటాకు ప్రైడ్, మెటబోలైట్లకు (జీవుల్లో తయారయ్యే చిన్న అణువులు) మెటబోలైట్స్ అనే భాండాగారం ప్రత్యేకంగా ఉన్నాయి. ఆ రంగంవారు ముందు అక్కడే వెతుకుతారు కనుక ఉన్నచోట వాటికే ప్రాధాన్యం ఇవ్వండి.

పేపర్ రాకముందే పెడితే ఎవరైనా ముందు ప్రచురించేస్తారేమో?

ఈ భయం సహజమే. జెనోడో వంటి చోట్ల ఫలానా తేదీ వరకు ఫైళ్లు తెరుచుకోకుండా ఆపవచ్చు. డీఓఐ మాత్రం వెంటనే వస్తుంది, దాన్ని పేపర్‌లో రాసుకోవచ్చు. ఎక్కించిన తేదీ నమోదై ఉంటుంది కనుక ఎవరు ముందన్న వాదన వస్తే అది మీ పక్షాన నిలుస్తుంది.

లైసెన్సు ఏది పెట్టాలి?

మీ పేరు చెప్పి వాడుకోమనేది సీసీ బై 4.0, ఏ షరతూ లేకుండా వదిలేసేది సీసీ జీరో. ఏదో ఒకటి పెట్టండి. ఏమీ పెట్టకపోతే మర్యాదస్తులు వాడరు, మిగతావారు అడగరు. పరిశ్రమ డబ్బుతో చేసిన పని అయితే ముందు ఒప్పందం చదవండి.

ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి?

తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో మొదట రాసి, తర్వాత శాంపిల్ సంఖ్య, పద్ధతి రాయండి. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘సర్ చూసింది’ వంటి పేర్లు పెట్టిన ఫోల్డర్లను నేను విప్పలేక చేతులెత్తేసిన సందర్భాలున్నాయి.

## ఏళ్ల తర్వాత

పాత థీసిస్‌లో గ్రాఫ్ బొమ్మ మాత్రమే మిగిలింది. దాన్నుంచి డేటా తీయవచ్చా?

తీయవచ్చు. బొమ్మను స్కాన్ చేసి అక్షాలను గుర్తించి గీతను అంకెలుగా మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. వచ్చినది కొలత కాదు, గీత మందమంత అనిశ్చితి ఉన్న అంచనా. జేక్యాంప్‌గా దాచేటప్పుడు అది బొమ్మ నుంచి తీసినదని మొదటి వరుసల్లోనే రాయాలి, లేకపోతే తర్వాతివారు రిజల్యూషన్‌ను నమ్మి మోసపోతారు.

హార్డ్ డిస్క్‌లో పదేళ్లుగా ఉన్న ఫైల్ మారలేదని ఎలా తెలుస్తుంది?

దాచిన రోజునే ప్రతి ఫైల్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర తీసి, ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టండి. అది 64 అక్షరాల వరుస. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా వేరే వరుస వస్తుంది. ఏడాదికోసారి మళ్లీ లెక్కవేయించి పోల్చండి. ఇండెక్స్‌తో రాసిన ఎంజెడ్‌ఎంఎల్ ఫైల్ చివర ఇలాంటి ముద్ర, పాత ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతిలో, ముందే ఉంటుంది. కాపీలు రెండు వేర్వేరు భవనాల్లో ఉండాలి.

ఈ ఓపెన్ ఫార్మాట్లు కూడా పాతబడిపోతే ఏం చేయాలి?

పాతబడతాయి, కానీ దారి మూసుకుపోదు. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఎంజెడ్‌డేటా, ఎంజెడ్‌ఎక్స్‌ఎంఎల్ అనే రెండు ఫార్మాట్లు పోటీపడి అందరినీ ఇబ్బంది పెట్టగా, రెండింటినీ కలిపి 2008లో ఎంజెడ్‌ఎంఎల్ విడుదల చేశారు, మరుసటి ఏడాది 1.1 వెర్షన్ వచ్చింది. పాత రెండింటి నిర్మాణమూ బహిరంగం కావడంతో వాటిలోని డేటా కొత్తదానిలోకి సాఫీగా మారింది. జేక్యాంప్‌లో కూడా మొదట్లో తేదీ గడిలో సంవత్సరానికి రెండే అంకెలు ఉండేవి. 2000 సంవత్సరం దగ్గరపడుతుండగా 1999లో వచ్చిన 5.01 వెర్షన్ నాలుగంకెల తేదీకి వేరే గడి చేర్చింది. మీ దగ్గర 1990ల నాటి ఫైళ్లు ఉంటే ఆ పాత గడిని అలాగే ఉంచి, పక్కన కొత్త గడిలో పూర్తి తేదీ రాసి దాచండి.